గోల్ఫు మైదానమూ – ఊరి హక్కూ

గోల్ఫు అంటే నాకు చిరకాలంగా విముఖత. ఒక చిన్న బంతి కోసం నలుగురు ధనికులు ఎకరాల కొద్దీ పచ్చికకు నీళ్ళు పోయించే వేడుక అది అని, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తరగతిలో కూడా అనేవాణ్ణి. స్కాట్లండులో ఉన్న మా అబ్బాయి ఒక ఆదివారంనాడు సెయింట్ ఆండ్రూస్‌కు తీసుకువెళ్ళిన తరువాత ఆ అభిప్రాయానికి బీట పడింది. పూర్తిగా కూలిందని మాత్రం అనను.

గోల్ఫుకు పుట్టినిల్లుగా ప్రసిద్ధి కెక్కిన అక్కడి 'ఓల్డ్ కోర్స్' ఆదివారం మూసివుంటుంది. మూసివుండటమంటే మనకు గేటూ, తాళమూ, కావలివాడూ స్ఫురిస్తారు. అక్కడ ఆట ఉండదు, ఊరు ఉంటుంది. ముసలివాళ్ళు కుక్కలను తోలుకుని తిరుగుతున్నారు, పిల్లలు పరుగులు తీస్తున్నారు. తక్కిన రోజుల్లో సైతం మొదటి, చివరి ఆటదారులను అడ్డంగా కోస్తూ ఒక బాట సముద్రం వైపు పోతుంది. అది ప్రజల బాట. ఎంతటి ఆటగాడైనా దారినపోయేవారు దాటేదాకా ఆగవలసిందే.

అటువంటి తీరభూమిని వారు 'లింక్స్' అంటారు. అంతర్జాలపు లంకెలతో దీనికి చుట్టరికం లేదు. మిట్ట, గట్టు అనే అర్థమున్న ప్రాచీనాంగ్ల పదం నుంచి వచ్చింది. మన కోస్తాలో పర్ర అని విడిచిపెట్టే నేల వంటిదే, సేద్యానికి పనికిరాని ఇసుక నేల. ఏ దొరా కోరని నేల గనుకనే ఊరివాళ్ళు ఆడుకోగలిగారు. 1457లోనే స్కాట్లండు రాజు రెండవ జేమ్స్ కాలంలో, విలువిద్యాభ్యాసం చెడుతున్నదని గోల్ఫును నిషేధించారు. నిషేధించవలసినంతగా జనం ఆడుతున్నారన్నమాట!

అసలు చరిత్ర 1552 నాటి ఒక పత్రంలో ఉంది. ఆర్చిబిషప్ హామిల్టన్ ఆ నేలలో కుందేళ్ళు పెంచుకోవడానికి పట్టణం అనుమతి తీసుకుంటూ, గోల్ఫు మొదలైన ఆటలు ఆడుకునే హక్కు పౌరులదేనని అంగీకరించాడు. 1797 నాటికి పట్టణ మండలి దివాలా తీసి ఆ భూమిని చేజార్చుకుంది. త్వరలోనే అది కుందేళ్ళ వ్యాపారుల చేతిలో పడింది. ఆటస్థలమంతా బొరియలు! ఇరవై ఏళ్ళకు పైగా తగాదాలు, వ్యాజ్యాలు నడిచాయి. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని ఆటకు నిలబెట్టాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా భూమి తిరిగి పట్టణానికి వచ్చింది. 1974లో మరొక చట్టంతో ఒక ట్రస్టు ఏర్పడింది. మైదానం పక్కన ఠీవిగా నిలిచిన రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు భవనాన్ని చూసి, స్థలం కూడా వారిదే అనుకున్నాను. కాదట.

లెక్కల మాస్టారికి ముచ్చటగొలిపే సంగతి ఒకటి. పోయేదారీ వచ్చేదారీ పక్కపక్కనే కాబట్టి, ఏడు పచ్చిక తిన్నెల మీద రెండేసి గుంతలుంటాయి. ఏ జంట సంఖ్యలు కూడినా 18 వస్తుంది. 1764కు ముందు ఒక ఆటకు 22 గుంతలు. వాటిని కుదించి 18 చేసుకున్నది ఈ ఊరివారే. తరువాత లోకమంతా దానినే అనుసరించింది.

అయితే నన్ను నేను మోసగించుకోకూడదు. 1754లో పుట్టిన ఆ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి సమ్మతించింది 2014లో. అంటే 260 ఏళ్ళకు! 1867లో స్త్రీలు వేరే సంఘం పెట్టుకుని, మెల్లగా దొర్లించి ఆడే చిన్న తిన్నెతో సరిపెట్టుకున్నారు. దాని ఎగుడుదిగుళ్ళను చూసి 'హిమాలయాలు' అని పేరు పెట్టారు. ఇక వేసవిలో పరదేశి ఓల్డ్ కోర్స్‌లో ఒకసారి ఆడాలంటే 300 పౌండ్లకు పైమాటే. స్థానికులకు మాత్రం ఏడాది టిక్కెట్టు చౌకగా లభిస్తుంది. ఈ తేడా నాకు అన్యాయంగా తోచలేదు.

మా ఊళ్ళోనూ పశువుల బీడు ఉండేది. మా హక్కు అందరి నోటిలోనూ ఉంది, ఏ కాగితం మీదా లేదు. అడిగేవాడు లేక గజం గజం తరిగిపోయింది. గోల్ఫును దూషించడంలో నేను గడిపిన కాలంలో సగమైనా ఆ బీడుకు ఒక దస్తావేజు రాయించడంలో గడిపివుండవలసింది.

తిరుగు ప్రయాణానికి ముందు మనవరాలు స్విల్కన్ వాగుమీది రాతి వంతెన పిట్టగోడెక్కి కూర్చుంది. 2023లో ఆ వంతెన మొదట రాళ్ళు పరిస్తే, చూసినవారంతా గోల పెట్టడంతో కొద్ది రోజులకే తీసేశారట. "దిగవే, ఎవరైనా చూస్తే తిడతారు" అన్నాను. ఎవరూ తిట్టలేదు.