బడిలో సంగీతము ఎవరికొరకు?

పాఠశాలలో సంగీతమనగానే వార్షికోత్సవమునాడు వేదికపై నిలిచి ప్రార్థనాగీతము పాడు నలుగురైదుగురు బాలికలే మన కన్నులకు గట్టుదురు. తక్కినవారు, అనగా "నీకు గొంతు లేదు, కూర్చో" అను మాటను ఏనాడో విని మిన్నకున్న పిల్లలందరును, ఆ విద్యకు తాము వెలివారమనియే నమ్మి పెరుగుచున్నారు. 2023లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కళావిద్యను గణితభాషాదుల సరసన నిలిపి, దానికి లక్ష్యములను, సామర్థ్యములను నిర్దేశించుట మిక్కిలి హర్షింపదగినది. అయినను వానిని మన తరగతి గదులకు అన్వయింపబూనిన పెద్దలు, ఆ ప్రమాణము ఏరికోరిన గాయకునికా, గదిలోని ప్రతి శిశువునకా అను ప్రశ్నను ముందుగా తేల్చుకొనవలెను. ప్రతి శిశువునకే యని నా దృఢవిశ్వాసము.

క్రమబద్ధమైన సంగీతబోధన మనకు క్రొత్త గాదు. పురందరదాసు ఏర్పరచెనని పరంపర చెప్పు సోపానక్రమము, మాయామాళవగౌళలో సరళీస్వరములతో మొదలిడి, జంటస్వరములు, అలంకారములు, పిదప గీతములుగా నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. కాని గురువునెదుట కూర్చుండి నిత్యము సాధన చేయు శిష్యుని ఉద్దేశించిన ఆ క్రమమును, వారమునకొక్క పీరియడు దొరకు నలువదిమంది పిల్లలపై యథాతథముగా మోపినచో, స్వరములు నోటికి వచ్చునేగాని చెవిలో నాటుకొనవు. కావున అయిదవ తరగతి వరకు గొబ్బిపాటలు, కోలాటపు పాటలు, బతుకమ్మ పాటలే వాచకములు కావలెను. చప్పట్లతో లయ వానిలోనే కుదురును, ప్రక్కన శ్రుతిపెట్టె మ్రోగుచుండగా స్వరస్థానమును పట్టుట వానితోనే అలవడును. సరళీస్వరములను, ఆదితాళపు ఎనిమిది క్రియలను ఆరవ తరగతినుండి నేర్పవచ్చును.

ఆ వయసుననే మరియొక చిక్కు కలదు. నిన్నటిదాక హాయిగా పైస్థాయి నందుకొన్న బాలుడు, కంఠము మారి, పలుకు బొంగురుపోయి, తోటివారి నవ్వులకు సిగ్గిలి, పాటను జీవితాంతము విడిచిపెట్టుట ఎంత శోచనీయము! అతనికి అనువుగా శ్రుతి తగ్గించుటయు, కొన్నినెలలు కంజిరపైనో డప్పుపైనో తాళమును అప్పగించి బృందములోనే నిలుపుకొనుటయు ఉపాధ్యాయుని విధియని ప్రణాళికలో స్పష్టముగా వ్రాయవలెను.

డెబ్బదిరెండు మేళకర్తల పేర్లు వ్రాయుమను ప్రశ్నపత్రము ఇచ్చట పనికిరాదు. శ్రుతి తప్పక పాడుచున్నాడా, పదిమందితో తాళము కలుపుచున్నాడా, అపస్వరము దొర్లినప్పుడు తనంతట గుర్తించుచున్నాడా యని ఉపాధ్యాయుడు చెవియొగ్గి వినుటయే పరీక్ష.

అట్లు వినగలవారు మనకు కొరవడలేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా విజయనగరమున వెలసిన సంగీత కళాశాల మొదలుకొని పెక్కు కళాశాలలనుండి విద్వాంసులు వెలువడుచునే యున్నారు. వారికి శిశుబోధనలో శిక్షణ మాత్రము కావలెను. ఆరునుండి ఎనిమిది తరగతులలో నూరుమందికి మించిన పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. ఆ ఒక్క స్థానమును చిత్రలేఖనముతో సరిపుచ్చక, సంగీతమునకు వేరొక స్థానమును మన రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును రానున్న విద్యాసంవత్సరమునకే మంజూరు చేయవలెను.