కడగాల్సిన మచ్చ మనకు లేదు

దర్శి చుట్టుపక్కల పల్లెల్లో ఏ అమ్మనడిగినా చెబుతుంది: కాళ్లు కడుగుతాం, గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, ఉతికిన గుడ్డను జాడిస్తాం, బల్ల తుడుస్తాం. ఒకదాని చోట ఇంకొకటి వాడితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంత తేడా తెలిసిన భాషలో, మన దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు ఒకే మాట అంటారు: "మీ మీది మచ్చ కడిగేశాం."

ఏ మచ్చ? కడిగేది అంటిన మురికిని. మన మీద పడింది మురికి కాదు, ముద్ర. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ చాచారు. ఎరుకల బిడ్డను పుట్టుకతోనే దొంగల లెక్కలో రాసుకున్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలోనే లేచింది. ముద్ర వేసినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకోవాలి. "కడిగాం" అంటే, మురికి మనదేనని మళ్లీ చెప్పినట్టు.

1952లో ఆ చట్టం రద్దయింది. సరే, ఉతికారనే అనుకుందాం. జాడించారా? జాడించని గుడ్డలో సబ్బు మిగిలి ఒళ్లు దురద పెడుతుంది. 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పేరు మారింది, చూపు మారలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన కాలనీ తలుపే తడతారు. "నాలుగు ఉతికితే వాడే చెబుతాడు" అంటారు. గుడ్డకు వాడే మాట మనిషి వీపు మీదికి వచ్చింది.

అయ్యవార్లూ, టీచరమ్మలూ! "ఉతికేస్తా" అన్న మాట మా పిల్లల మీద వాడకండి. మా ఇళ్లలో ఆ మాటకు వేరే జ్ఞాపకం ఉంది. "మొహం కడుక్కుని రా" అనండి, తప్పులేదు. "మీవాళ్లంతా ఇంతే" అని దానికి తగిలించకండి. మొదటిది శుభ్రత, రెండోది పాత చట్టం.

మిరపకాయలు కోసిన చేతులను నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు, నూనె రాయాలని మన తల్లులకు తెలుసు. ముద్రకూ నీళ్లు మందు కాదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఎవరైనా వేదిక మీద మచ్చ కడిగామని చెప్పుకుంటే లేచి నిలబడి చెప్పండి: "కడగొద్దు. మీరు రాసింది మీరే కొట్టేయండి."