బండి కొత్తది, శరీరం పాతది

బుల్లెట్ మీద పాతికేళ్లు తిరిగి, ఇప్పుడు హిమాలయన్ వంటి ఎత్తైన దూరప్రయాణపు బండికి మారుతున్న మిత్రులు ఈమధ్య తరచుగా కనిపిస్తున్నారు. పిల్లలు స్థిరపడ్డారు, అప్పులు తీరాయి, లద్దాఖ్ చూడాలన్న కోరిక మిగిలింది. సంతోషమే. అయితే బండి కొన్న వారంలోనే సుదూర యాత్రకు బయలుదేరడం అనుచితమని నా నిశ్చితాభిప్రాయం. "నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది డాక్టరుగారూ" అంటారు. ఆ అనుభవమే ఇక్కడ చిక్కు.

బండి నడపడం మనం ప్రతిక్షణం ఆలోచించి చేసే పని కాదు. వేలసార్లు చేసిన కదలికలను చిన్నమెదడు తదితర భాగాలు భద్రపరచుకొని, మన ప్రమేయం లేకుండానే చేయిస్తాయి. తీరికగా వెళ్తున్నప్పుడు కొత్త బండిని అందరూ చక్కగానే నడుపుతారు. గేదె అడ్డం వచ్చిన క్షణంలో మాత్రం శరీరం పాత బండినే నడుపుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అర సెకను తడబాటు అంటే 11 మీటర్లు.

పాత బుల్లెట్లకు గేరు కుడికాలి వైపు, వెనుక బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవని పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, అటువంటి బండి నుండి జపాన్ తరహా బండికి మారిన ఒకాయన ముంజేయి విరిగి వచ్చారు. కుక్క అడ్డం రాగానే బ్రేకు అనుకొని ఎడమకాలితో గేరు తొక్కారట. బండి కొని మూడు నెలలైందని, పూర్తిగా అలవాటైందని ఆయన పదేపదే చెప్పారు. నిజమే, మామూలు వేళల్లో అలవాటైంది.

నేటి బండ్లలో ఆ తేడా లేదు. మరొకటి ఉంది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అది లేని బండిపై ఏళ్ల తరబడి ముందు బ్రేకుకు జంకడం నేర్చుకున్న చేయి, ఏబీఎస్ ఉన్నా గట్టిగా పట్టదు. పట్టినా, మీట అదరగానే ఉలిక్కిపడి వదిలేస్తుంది. ఖాళీ మైదానంలో, తక్కువ వేగంతో మొదలుపెట్టి, ఆ అదురుపాటు పరిచయమయ్యే దాకా బ్రేకు వేసి చూడండి.

ఇక ఎత్తు. క్లాసిక్ 350 సీటు 805 మిల్లీమీటర్లు. హిమాలయన్ 450 సీటు 825, కావాలంటే 845కు పెంచుకోవచ్చు. బరువు రెండింటికీ దాదాపు సమానమే, 195 కిలోల చిల్లర. కాగితం మీద తేడా రెండు వేళ్లే. కానీ 17 లీటర్ల ట్యాంకు నిండుగా ఉండి, వెనుక సామాను కట్టి, పెట్రోలు బంకు వాలులో ఆగినప్పుడు మడమ నేలకు ఆనకపోతే సంగతి వేరు. ఆగి ఉన్న బండి ఒరిగి మీదపడి చీలమండ విరిగిన కేసులు తక్కువేమీ కావు. ఒరిగిపోతున్న బండిని కాలు అడ్డుపెట్టి ఆపబోకండి. వదిలేసి పక్కకు తొలగండి. హ్యాండిల్ వంగితే మార్చవచ్చు.

కొత్త ఇంజనుకు 500 కిలోమీటర్ల వద్ద మొదటి సర్వీసు అంటే భక్తిగా పాటిస్తాం. నడిపే మనిషికి మాత్రం ఏ గడువూ ఇవ్వం! కనీసం నెలరోజులు, పగటిపూట, ఇంటికి తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లండి. ఘాట్ రోడ్లు ఆ తరువాత.

ఆ నెలలో చేతులను గమనించండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే అల్నార్ నరం, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మీడియన్ నరం నలుగుతున్నాయని అనుమానించాలి. హ్యాండిల్ ఎత్తు సరిచేయించి, పిడికిలి సడలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వచ్చి చేయి విదిలించుకోవలసి వస్తుంటే వైద్యుని సంప్రదించండి.

మధుమేహం ఉన్నవారికి ప్రత్యేకించి ఒక మాట. పాదాల్లో స్పర్శ తగ్గితే బ్రేకు మీద ఎంత బలం పడుతున్నదో కాలికి తెలియదు. ఇంజను వేడికి చర్మం కాలినా తెలియదు. బండి కొనేముందే పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. చీలమండ దాటే బూట్లు వేసుకోండి. దిగిన ప్రతిసారీ బూట్లు విప్పి, పిక్కలను, అరికాళ్లను వెలుతురులో చూసుకోండి.