డిస్కుల పోరును మన గృహస్థులును

ధాన్యము సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట ఖానాపూరు వంటి పట్టణములలో క్రొత్త టెలివిజనులు కొనువారు మెండు. గోడనిండ పరచుకొను ఆ యంత్రముతోపాటు ఒక ప్రశ్నయు నింటిలో అడుగుపెట్టుచున్నది. ఇంటనున్న వీసీడీలను, డీవీడీలను, వానిని ఆడించు పాతయంత్రమును తొలగించి బ్లూరే యంత్రమును తెచ్చుకొనవలయునా? దానికిని మీదిదైన 4కే డిస్కు యంత్రమును కొనుట మేలా? కాక, డిస్కుల జోలియే మాని, అంతర్జాలము వెంట వచ్చు చిత్రములతో సరిపెట్టుకొనవచ్చునా? అమ్మువాడు చెప్పు సమాధానము మన కందరకు తెలిసినదే. కొనువాని పక్షమున ఆలోచించువారే తక్కువ.

ఇది శ్రీమంతుల వినోదమునకు సంబంధించిన స్వల్పవిషయమని కొందరు తలంపవచ్చును. మా కట్లు తోచుటలేదు. ఉత్తర తెలంగాణములోని ఇండ్లు ఇదివరకే మూడు మార్పులు చూచినవి. గల్ఫు దేశములకు పనికిపోయినవారు తిరిగివచ్చునపుడు మోసికొనివచ్చిన వీసీఆరులు మొదటివి. పిమ్మట వీసీడీ, దానివెంట డీవీడీ. యంత్రము మారిన ప్రతిసారియు పాతసామాను అటక యెక్కినది. ఆ అటకమీది క్యాసెట్లలో సినిమాలు మాత్రమే లేవు. పెండ్లిండ్లున్నవి, అప్పగింతలవేళ కన్నీరు తుడుచుకొనుచున్న తల్లులున్నారు, గతించిన తాతల నడకయు మాటయు నున్నవి. కనుక యంత్రము మార్చుకొనుట యనగా, ఏమరిన యెడల, ఇంటిచరిత్రలో కొంతభాగమునకు తాళమువేసి తాళపుచెవి పారవేయుటయే యగును.

ముందుగా ఆ పోరు కథ చూతము. 1995లో సోనీ, ఫిలిప్సు కంపెనీలొక ప్రక్కను, తోషిబా మొదలగునవి మరియొక ప్రక్కను నిలిచి రెండు విధములైన డిస్కులను సిద్ధపరచినవి. అపుడు కంప్యూటర్లు చేయువారు, ముఖ్యముగా ఐబీఎమ్‌వారు, రెండు డిస్కులు మాకక్కరలేదని గట్టిగా చెప్పుటచే ఉభయులును దిగివచ్చి యొక్కదానికే సమ్మతించిరి. అదియే డీవీడీ. 1996 చివర జపానులోను, 1997లో అమెరికాలోను బజారునకు వచ్చి, అది లోకమంతట చెల్లుబడియైనది. పదేండ్లకు అదే తగవు మరల పుట్టెను. 2005లో జరిగిన రాజీమాటలు విఫలమైనవి. ఈమారు మధ్యవర్తులుగా నుండవలసిన పెద్దలే పక్షములలో చేరిరి. మైక్రోసాఫ్టు, ఇంటెలు తోషిబావారి హెచ్‌డీ డీవీడీని బలపరచగా, డెల్లు, యాపిలు సోనీపక్షపు బ్లూరేను బలపరచినవి. 2006 మార్చి చివర జపానులోను, ఏప్రిలులో అమెరికాలోను హెచ్‌డీ డీవీడీ యంత్రము వెలువడెను. జూనులో బ్లూరే వచ్చెను. అమెరికాలో మొదటిదాని వెల 499 డాలర్లు, రెండవదానిది సుమారు వేయి.

రెండింటికిని మూలసూత్ర మొకటియే. సీడీని చదువునది కంటికి కానరాని 780 నానోమీటర్ల కిరణము. డీవీడీది 650 నానోమీటర్ల యెఱ్ఱని కిరణము. ఈ క్రొత్త డిస్కులది 405 నానోమీటర్ల నీలలోహిత కిరణము. గంటము మొన సన్నగిలినకొలది తాటాకుమీద ఎక్కువ పంక్తులు పట్టునట్లే, కిరణము సన్నగిలినకొలది డిస్కుమీద వ్రాత యెక్కువ పట్టును. నీలికాంతిని పుట్టించు దీపములకై అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు చేసిన కృషికి 2014లో నోబెలు బహుమాన మీయబడెను. ఈ డిస్కులును ఆ కృషి ఫలములే. ఇక భేదము పైపొరలో నున్నది. హెచ్‌డీ డీవీడీలో వ్రాత డీవీడీయందువలెనే 0.6 మిల్లీమీటరు లోతున నుండును గనుక, పాత కార్ఖానాలనే కొద్దిమార్పుతో వాడుకొనవచ్చును. బ్లూరేలో అది 0.1 మిల్లీమీటరు లోతుననే యుండును. దానికి క్రొత్త సామగ్రి కావలయును. కాని పట్టు ఎక్కువ. పొర కొకటికి బ్లూరేలో 25 గిగాబైట్లు, హెచ్‌డీ డీవీడీలో 15. ఒకరిది పొదుపు, ఒకరిది పట్టు. ఉభయుల వాదమునను కొంత న్యాయము లేకపోలేదు.

కాని తీర్పు చెప్పినవారు న్యాయమును తూచలేదు. కొన్నవారిని అడుగను లేదు. 1975లో తాను వెలువరించిన బీటామాక్సు, మరుసటియేట వచ్చిన వీహెచ్‌ఎస్ చేతిలో ఓడిన సంగతి సోనీ మరువలేదు. ఈసారి 2006 నవంబరులో వచ్చిన తన ఆటయంత్రమైన ప్లేస్టేషను 3లోనే బ్లూరేను ఇమిడ్చి, ఆటకై కొన్నవారి యింటికిగూడ దానిని చేర్చెను. 2007 ఆగస్టులో పారమౌంటు సంస్థ హెచ్‌డీ డీవీడీ పక్షమునకు పోగా, పోరింక దీర్ఘకాలము సాగునని పలువురు తలంచిరి. 2008 జనవరి 4న వార్నరు బ్రదర్సువారు ఇకమీదట బ్లూరేనే వెలువరింతుమని ప్రకటించిరి. ఫిబ్రవరిలో వాల్‌మార్టు మొదలగు పెద్ద అంగళ్లవారు ఆ బాటనే పట్టిరి. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తెను. అప్పటికి లోకమున సుమారు 10 లక్షల హెచ్‌డీ డీవీడీ యంత్రము లమ్ముడుపోయినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి. వానిని కొన్నవారికి మిగిలినది పాతడిస్కులను తిరుగవేసికొనుటయే. తోషిబావారు మాత్రము 2009లో తామును బ్లూరే యంత్రములను అమ్మసాగిరి! ఓడిన వర్తకునకు దారి యెపుడు నుండును. వానిని నమ్మి సొమ్ము పెట్టినవాని కుండదు. క్రొత్త విత్తనమును మొదటియేడు ఎకరమంతయు చల్లక మడి యొకదానిలో వేసిచూచు రైతునకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఆ రెండేండ్లును మన ప్రాంతమువా రీ జూదమునకు దూరముగా నుండిరి. వివేకముచే ననుట ముఖస్తుతి, వెలచేతనే. అమెరికావారు రెండు క్రొత్త డిస్కులలో ఏది మేలని వాదులాడుచున్నపుడు మన బజారులలో నడచినది వీసీడీయే. 2007లో మోజరుబేరు అను స్వదేశీ డిస్కుల కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు విక్రయింపసాగినది. తెలుగుచిత్రములును ఆ వెలకే లభించినవి. దొంగప్రతి వెలకే అసలుప్రతి దొరికెనని జనులు సంతోషించిరి. ఉన్నతస్పష్టత గల డిస్కులను వేయిమందికి అమ్ముటకంటె, మామూలు డిస్కులను లక్షమందికి అందించుటయే మన దేశస్థితికి తగినపని యని ఆ కంపెనీవారు గ్రహించిరి. దురదృష్టవశమున ఆ కార్ఖానాయు నిలువలేదు. అప్పులభారముచే క్రుంగిపోగా 2018లో దానిని మూసి ఆస్తులు విక్రయింపవలసినదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. స్వదేశములో డిస్కులు చేయగలిగిన అంతటి సంస్థ పోవుచుండగా విచారించినవారు కొలదిమంది. అప్పటికే జనుల చూపు చేతిలోని ఫోనులపై పడియుండెను.

నిదానించినవాడు నష్టపడలేదు గనుక ఎల్లపుడు నిదానించుటయే మేలని దీనినిబట్టి చెప్పుదురు. మే మంతదూరము పోజాలము. గెలిచిన బ్లూరేయు నేడు వన్నెతగ్గినది. అమెరికాలో క్రొత్త బ్లూరే యంత్రములను వెలువరింపమని శామ్‌సంగువారు 2019లో చెప్పిరి. టపాద్వారా డిస్కులను అద్దెకిచ్చుటతో జీవితము ప్రారంభించిన నెట్‌ఫ్లిక్సు 2023 సెప్టెంబరులో ఆ పని మానుకొనెను. మనము స్వయముగా వ్రాసికొనుటకు వీలైన ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీవారే 2025 ఫిబ్రవరిలో ఆపివైచిరి. ఇంకను నిదానించువానికి కొనుటకు యంత్రమే దొరకని దినము రావచ్చును.

అట్లయిన కొనవలయునా? కొనుటకు ముందు, ఏమి చూచుటకని తన్ను తా నడుగవలయును. వీసీడీలో బొమ్మ యొకదానికి సుమారు 1 లక్ష చుక్కలు. డీవీడీలో 4 లక్షలు. బ్లూరేలో 20 లక్షలు దాటును. 4కేలో సుమారు 83 లక్షలు. అంకెలు చూడ ముచ్చటగా నున్నవి. కాని పదియడుగుల దూరమున కూర్చుండి 32 అంగుళముల తెరను చూచువాని కంటికి 20 లక్షలకును 83 లక్షలకును భేదము కానరాదు. అదియుగాక, మానెడు గింజలను గాదెలో పోసినను అవి మానెడే. పూర్వము టేపుమీదికి ఎక్కించియుంచిన ప్రతినుండి చేసిన చిత్రము బ్లూరేకు ఎక్కినంతమాత్రమున వన్నె తెచ్చుకొనదు. అసలు ఫిలిము నెగటివును శుభ్రపరచి, ఒక్కొక్క బొమ్మను క్రొత్తగా స్కాను చేసిననే ఆ లక్షల చుక్కలకు పని యుండును. 35 మిల్లీమీటర్ల ఫిలిములో డీవీడీకి పట్టనంత వివరము దాగియున్నది. 1957 నాటి మాయాబజారు మూడుగంటలు దాటిన చిత్రము. వీసీడీలో చూచువాడు డిస్కు మార్చుటకు రెండుమారులు లేచినను, ఆ ఫిలిములోని నగిషీలో నాల్గవవంతైన చూచెనని చెప్పలేము. ఆ చిత్రమునకు హైదరాబాదులోని గోల్డుస్టోనువారు రంగులద్ది 2010లో విడుదలచేసినపుడు జనులు మరల థియేటర్లకు పోయిరి. పాతచిత్రమైన నేమి, శ్రద్ధతో బాగుచేసిన చూచువా రుందురని అపుడే తెలిసినది. ఆ శ్రద్ధ తక్కిన చిత్రములపట్ల మన నిర్మాతలు చూపినది బహుస్వల్పము.

మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపవలసినది మరియొకటి కలదు. వర్తకులు లోకమును ముక్కలుగా పంచుకొని డిస్కులకు ప్రాంతపుగుర్తులు పెట్టిరి. డీవీడీలో మనది 5, గల్ఫుది 2, అమెరికాది 1. బ్లూరేలో మనది సీ, గల్ఫుది బీ, అమెరికా జపానులది ఏ. దుబాయినుండి తమ్ముడు ప్రేమతో తెచ్చిన యంత్రము ఇచ్చట కొన్న డిస్కును చూచి మొగము త్రిప్పుకొనిన, తప్పు తమ్మునిది గాదు, డిస్కుది గాదు. ఓడిపోయిన హెచ్‌డీ డీవీడీకి ఈ గుర్తుల బెడద లేకుండెను. ఆ ఒక్కగుణమునకైన అది గెలిచిన బాగుండెడిదని మాకు తోచుచుండును. 2016లో వచ్చిన 4కే డిస్కులకును ఈ గుర్తులు లేవు. అయినను 4కే యంత్రములోనైనను మామూలు బ్లూరే వేసినపుడు పాతకట్టుబాటే. వీసీడీలను అన్ని యంత్రములును ఆడింపవు. అంగడిలోనే ఇంటినుండి తెచ్చిన పాతవీసీడీ నొకదానిని వేయించి చూచుకొనుట మంచిది.

ఇక అంతర్జాలము సంగతి. 2016లో జియో వచ్చినది. 2020లో తెలుగునకే ప్రత్యేకముగా ఆహా వెలసినది. నేడు పల్లెలలో గూడ చిత్రము చేతిలోనే యున్నది. దీనిని నిందించుట మా యభిమతము కాదు. అద్దెయింటివలె అదియు నుపయోగకరమే. కాని యద్దెయిల్లు సొంతయిల్లు కాదు. ఒప్పందము తీరిననాడు చిత్రము జాబితానుండి తొలగును. ఏల తొలగెనని అడుగుటకు తావులేదు. 2023 డిసెంబరులో ప్లేస్టేషనుద్వారా డబ్బిచ్చి కొన్న డిస్కవరీ కార్యక్రమములు గూడ నెలాఖరునకు కనబడవని సోనీవారు చెప్పిరి. గగ్గోలు పుట్టుటచే ఆ యుత్తరువును వెనుకకు తీసికొనిరి గాని, కొన్నదనుకొన్నది కొన్నది కాదని యందరికిని తెలియవచ్చినది.

మనకు పోగొట్టుకొనుట క్రొత్తగాదు. 1921 నాటి భీష్మప్రతిజ్ఞ నేడు లేదు. తెలుగున మొదటి టాకీయైన భక్తప్రహ్లాదయు చూచుటకు దొరకదు. ఎవరో ద్వేషముతో తగులబెట్టలేదు. ఎవరికివారు మరియొకరు దాచియుందురనుకొనిరి. నేడు జపానుదేశీయులు మన ఆర్‌ఆర్‌ఆర్ చిత్రమును బ్లూరే డిస్కుగా కొని అలమారలో పెట్టుకొనుచున్నారు. మన చిత్రమును పరాయివా రట్లు దాచుకొనుచుండగా, తీసినవారి దేశములో అద్దెకు చూచి మరచుట మాకు సమంజసముగా తోచలేదు.

కావున మా యభిప్రాయమిది. డీవీడీ యంత్రము పనిచేయుచున్నవారు క్రొత్తదనమున కాసపడి దానిని పారవేయనక్కరలేదు. పెద్దతెర కొన్నవారు, నెగటివునుండి చక్కగా చేసిన డిస్కులు తమకు కావలసిన చిత్రములకు దొరకునని రూఢిచేసికొన్నవారు, బ్లూరేను కొనవచ్చును. ఈ యంత్రములు డీవీడీలను గూడ ఆడించును. 4కే యంత్రమునకు వెచ్చింపదలచినవారు ముందు తమవద్ద నున్న, దొరకగల 4కే డిస్కులను లెక్కించి చూతురుగాక. పది లేనిచో ఆ సొమ్ము నిలుపుకొనుట మేలు.

అంతకంటె ముందు చేయవలసినపని అటకమీద నున్నది. ఇంట వ్రాయించిన డిస్కుల రంగుపూత కాలక్రమమున వెలిసి చదువుటకు వీలులేనిదగును. క్యాసెట్టు టేపునకు వానకాలపుతేమలో బూజుపట్టును. వీహెచ్‌ఎస్ యంత్రములను చేయుచుండిన చివరి కంపెనీయైన జపానుదేశపు ఫునాయి 2016 జులైలో ఆ పనిని విరమించెను. ఉన్నవి చెడిన క్రొత్తవి రావు. పెండ్లిండ్లకు వీడియోలు తీసిన పాత ఫొటోగ్రాఫరులవద్ద ఇంకను పనిచేయు వీసీఆరు లొకటి రెండు మిగిలియుండవచ్చును. క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కింపించి, ప్రతులు రెండు చేయించి, ఒకటి యింటను, ఒకటి పొరుగూరనున్న కూతురింటనో కొడుకింటనో ఉంచవలయును. ఆ వీసీఆరును అతడు పాతయినుము బండికి వేయకముందే పోయి యడుగుట మంచిది.