పద్నాలుగేళ్ల దాకా అందరికీ ఆట, ఆ తర్వాతే పోటీ

తుమ్మలపల్లె, చుట్టుపక్కల పల్లెల తల్లిదండ్రులకు, పంచాయతీ పెద్దలకు, బడి కమిటీలకు విజ్ఞప్తి



2025 నవంబరు 2న నవీ ముంబైలో మన దేశపు ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను ఓడించి క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. టోర్నీ మొత్తమ్మీద 14 వికెట్లు తీసింది. వాళ్ల నాయన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో (ఆర్టీపీపీ) ఉద్యోగి. అప్పటి నుంచి మన ఇళ్లలో ఒకటే మాట: మన బిడ్డను కూడా అకాడమీలో చేర్పిద్దామా?

ఆశ మంచిదే. కానీ ఏ వయసులో, ఏ ఖర్చుతో, ఎంతమంది పిల్లల్ని వెనక వదిలేసి అన్నది ముందు ఆలోచించాలి. మేం చెప్పేది ఒక్కటే. పద్నాలుగేళ్లు వచ్చేదాకా మన పిల్లలందరూ ఊళ్లోనే, ఫీజు లేకుండా, అన్ని ఆటలూ ఆడాలి. క్లబ్బు, అకాడమీ, సెలెక్షన్లు ఆ తర్వాత.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి?

సాయంత్రం ఐదున్నరకు బడి వెనక ఖాళీ జాగాకు పోయి చూడండి. మూడు నాపరాళ్లు నిలబెడితే అవే వికెట్లు. బ్యాటు ఎవరిదో తొలి బ్యాటింగు వాళ్లది. పెద్దపిల్లలు ఆడుతుంటే ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లలు కంపచెట్ల కింద దూరి బంతులు తెచ్చిస్తుంటారు. పొద్దుగూకే వేళకు కూడా వాళ్ల చేతికి బ్యాటు రాదు. ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు. ఏడో తరగతి దాటితే చూడటానికి కూడా రారు.

ఇంకోపక్క, కాస్త జరుగుబాటు ఉన్న ఇళ్ల పిల్లలు పట్నం కోచింగుకు పోతున్నారు. నెల ఫీజు, బస్సు చార్జీ, లెదర్ బంతి, ప్యాడ్లు, గ్లవుజులు, టోర్నమెంటు ఎంట్రీ ఫీజు, బిడ్డకు తోడుపోయిన నాయనకు పోయిన కూలి. వానలు పడితేనే పంట అనుకునే ఇంట్లో ఈ లెక్క అప్పు దగ్గరే తేలుతుంది. నలుగురు పిల్లలు అతిగా ఆడుతున్నారు, నలభై మంది అసలు ఆడటం లేదు. ఇది మారాలి.

చిన్న వయసులో ఒకే ఆట చేటు

ఊరి ఆటా, అకాడమీనా అనే ఈ తగువు మన ఒక్క ఊరిది కాదు. ఇక్కడి నుంచి అమెరికా పోయి స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో కూడా ఉంది. అక్కడ పిల్లల ఆట బేస్‌బాల్. ఊరి మైదానంలో అందరినీ చేర్చుకునే లీగు ఒకపక్క, ఏరిన పిల్లల్ని ఊరూరా తిప్పే ఖరీదైన క్లబ్బు జట్టు ఒకపక్క. ఏ దారి పట్టాలా అని తల్లిదండ్రులు తలపట్టుకుంటారు.

పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టులో 1939లో పుట్టిన లిటిల్ లీగ్ ఈ విషయంలో రెండు కట్టుబాట్లు పెట్టింది. జట్టులో పేరున్న ప్రతి బిడ్డకూ ఆటలో కనీస అవకాశం ఇచ్చి తీరాలి: ఒకసారైనా బ్యాటు పట్టాలి, ఫీల్డులో కొంతసేపైనా నిలబడాలి. రెండోది, పిల్లవాడి చేతికి లెక్క ఉండాలి. తొమ్మిది, పదేళ్ల పిల్లవాడు రోజుకు 75 బంతులు మించి విసరకూడదు. పదకొండు, పన్నెండేళ్లవాడికి 85. 66 బంతులు, అంతకు మించి విసిరితే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి.

ఈ లెక్క ఊరికే రాలేదు. మోచేతి లిగమెంటు తెగిన బేస్‌బాల్ ఆటగాళ్లకు 1974 నుంచి ఒక ఆపరేషన్ చేస్తున్నారు. మొదట చేయించుకున్న టామీ జాన్ పేరే దానికి పడింది. 2007 నుంచి 2011 దాకా బీమా రికార్డులు తిరగేసి చూస్తే, ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా 15–19 ఏళ్ల పిల్లలే ఉన్నారు. ఏడాది పొడుగునా ఒకే ఆట, ఒకే చెయ్యి, ఒకే విసురు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పిన సలహా: పదిహేను, పదహారేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టుబడొద్దు, వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఉండాలి. మన ఫాస్ట్ బౌలర్ పిల్లల నడుముకు, భుజానికి కూడా ఇది వర్తిస్తుంది.

చీనీ తోట పెట్టినవాళ్లకు వేరే చెప్పాలా? లేత మొక్కకు తొలి ఏండ్లలో పూత వస్తే మనమే రాల్చేస్తాం, చెట్టు ముందు నిలదొక్కుకోవాలని. బిడ్డల దగ్గర ఆ ఓపిక ఎందుకు పోతోంది?

శ్రీచరణి దారి ఏది?

బడిలో ఆ అమ్మాయి పరుగుపందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారో ఏటి చుట్టుపక్కల. మొదట వేగంగా బంతులు వేసి, తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారింది. కాళ్లు, కళ్లు, ఊపిరి ముందు తయారయ్యాయి, క్రికెట్ తర్వాత వచ్చింది.

కడప పుట్లంపల్లెలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. ప్రభుత్వానిది. అక్కడ నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు పెట్టే పరీక్షలు చూడండి: 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకే లాంగ్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం. కవర్ డ్రైవ్ ఎవరూ అడగరు. ఊళ్లో ఉరికి, దూకి, విసిరి పెరిగిన బిడ్డ ఆ పరీక్షకు తయారుగా ఉంటాడు.

ఇలాంటి దారే పట్టిన నార్వే అనే చలిదేశం జనాభా మన పాత కడప జిల్లాకు రెండింతలు కూడా ఉండదు. పిల్లల ఆటల హక్కులని 1987లోనే నియమాలు రాసుకున్నారు. పదమూడేళ్ల లోపు పిల్లలకు జాతీయ చాంపియన్‌షిప్పు పెట్టరు. చిన్న పిల్లల పట్టీలో ఎవరు ఫస్టు, ఎవరు లాస్టు అని రాయరు. ఆ దేశమే 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో 16 బంగారు పతకాలతో అందరికన్నా ముందు నిలిచింది. అందరినీ ఆడించినంత మాత్రాన గెలుపు తగ్గదు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న అనంతపురం చూడండి. 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) పల్లె పిల్లలకు మైదానాలు ఏర్పాటుచేసి ఆటలు నేర్పింది. డబ్బున్నవాళ్ల ఆటగా పేరుపడ్డ టెన్నిస్ కూడా 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి పేదపిల్లల చేతికి అందింది. కరువు సీమలో ఇది జరగదనే మాటకు అక్కడే జవాబు ఉంది.

“ఆలస్యమైతే మా బిడ్డ వెనకబడడా?”

న్యాయమైన భయమే. మంచి కోచ్ కావాలి, గట్టి పోటీ కావాలి. స్పోర్ట్స్ కోటాను మన రాష్ట్రం 2024 క్రీడా విధానంలో 3 శాతానికి పెంచింది, ఉద్యోగం మీద ఆశ కూడా తప్పు కాదు. కానీ స్కూల్ గేమ్స్ పోటీలు అండర్-14తో ఆగిపోవు. ఆ తర్వాత అండర్-17, అండర్-19 ఉన్నాయి. మండలం, జిల్లా, రాష్ట్రం అనే ఆ మెట్లు బడి నుంచే ఎక్కవచ్చు, ప్రైవేటు క్లబ్బులో సభ్యత్వం ఉండాలని లేదు. పద్నాలుగేళ్లు నిండాక ఆటలో నిజంగా సత్తా, మనసు రెండూ ఉన్న బిడ్డను ఊరంతా కలిసి కోచింగుకు పంపుదాం. ఆ ఖర్చు ఒక ఇంటి మీద పడనీయొద్దు.

మేం కోరుతున్నవి

1. బడికి దగ్గరలో, యురేనియం గని వ్యర్థాలు నిలవచేసే చోటుకూ లారీల దారికీ దూరంగా, ఒక జాగాను పిల్లల మైదానంగా పంచాయతీ తీర్మానం చేయాలి. కంప కొట్టించి, రాళ్లు ఏరించి, రోలరు తిప్పించాలి. పరీక్ష చేయించిన తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె అక్కడ ఉండాలి.

2. ప్రతి ఆదివారం ఊరి లీగు జరగాలి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు, టెన్నిస్ బంతితో క్రికెట్ వంతులవారీగా పెట్టాలి. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కూడా స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి, పీఈటీ సార్లు వాటినీ నేర్పవచ్చు. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఆట.

3. పద్నాలుగేళ్ల లోపు క్రికెట్ మ్యాచిలో ప్రతి పిల్లవాడూ బ్యాటు పట్టాలి, ఒక ఓవరైనా వేయాలి. వేగంగా బంతులు వేసే పిల్లలకు ఓవర్ల లెక్క రాసిపెట్టాలి.

4. ఆడపిల్లలకు రోజూ వేరుగా ఒక గంట. ఆ గంట మైదానం వాళ్లదే. ఊరి అక్క ఒకరు దగ్గరుండాలి.

5. జట్లను కులం చూసి, వీధి చూసి కట్టకూడదు. చీటీలు వేసి కట్టాలి.

డబ్బు ఎక్కడిది?

దారులు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడికి ఆటస్థలం, ఆట సామాను ఉండాలి. సమగ్ర శిక్ష కింద ఆట సామానుకు ఏడాదికి ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల దాకా ఇవ్వవచ్చు. మన బళ్లకు ఎంత వచ్చింది, ఏం కొన్నారు అని అడిగే హక్కు తల్లిదండ్రుల కమిటీకి ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చుల జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఉంది. మన ఊరి పేరుతో గని నడుపుతున్న యురేనియం కార్పొరేషన్ ఈ మైదానానికి, శిక్షకుల జీతానికి చేయూతనివ్వాలని పంచాయతీ లిఖితపూర్వకంగా కోరాలి. ఈ నేల కింది ఖనిజం దేశానికి పనికొస్తోంది. ఈ నేల మీది పిల్లలకు ఒక మైదానం అడగడం దయ కోరడం కాదు.

ఇక చేయాల్సింది

వచ్చే గ్రామసభకు ప్రతి ఇంటి నుంచి ఒకరు రండి. తల్లులు తప్పక రండి. ఈ ఐదు కోరికలూ తీర్మానంగా రాయించి, సంతకాలు పెట్టి, నకలు తీసుకోండి. మైదానం చదును చేసే రోజు పార, గంప తీసుకుని మేమూ వస్తాం, మీరూ రండి. ట్రాక్టర్ ఉన్నవాళ్లు ఒక పూట ఇవ్వండి. పాత ఆటగాళ్లు ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. అకాడమీ ఫీజు కట్టాలనుకున్నవాళ్లు ఈ ఏడాది ఒక నెల ఫీజు మైదానానికి ఇవ్వండి.

ప్రతి బిడ్డకూ ఆట! ఆడపిల్లకూ మైదానం! పద్నాలుగు తర్వాతే పోటీ!

ఇట్లు,
తుమ్మలపల్లె పిల్లల తల్లిదండ్రుల తరఫున