పెన్నేరుగడ్డ - మన బాధ్యత



పెన్నేరు అనగానే మనకు గుర్తొచ్చేది ఇసుక తేలిన నది. అదే పేరుతో ఒక గడ్డ కూడా ఉంది. పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కైన మన అనంతపురం నేలల్లో తట్టుకొని నిలిచే మొక్క అది. దాని పొడి తింటే క్యాన్సర్ కూడా పోతుందని చెప్పేవాళ్లున్నారు. ఇందులో నిజమెంత?

జీవకణంలో మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, పుడితే చాలదు. పాడైనవి, పని తీరినవి నశించాలి కూడా. అలాంటి ప్రోటీనుకు యుబిక్విటిన్ అనే చీటీ తగులుతుంది. చీటీ తగిలినదాన్ని ప్రోటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ చీటీ రహస్యం విప్పినందుకే చెఖనోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పెన్నేరు మొక్కలోని వితాఫెరిన్-ఎ అనే పదార్థం ఆ యంత్రాన్ని అడ్డుకుంటుందని 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు. ముక్కలు కావలసిన ప్రోటీన్లు పేరుకుపోయి క్యాన్సర్ కణం చచ్చిపోతుంది.

ఇంతవరకూ సంతోషమే. కానీ ఆ ప్రయోగం జరిగింది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, ఎలుకల మీద. పైగా ఆ పదార్థం వేరులోకన్నా ఆకులోనే ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ప్రోటియాసోమ్ మంచి కణంలోనూ ఉంది! దాన్ని ఆపే బోర్టెజోమిబ్ అనే మందుకు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. మైలోమా అనే క్యాన్సర్‌కు దాన్ని డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ, మోతాదు లెక్కగట్టి ఇస్తారు. చెంచాతో కొలిచే పొడికి ఆ లెక్క ఎక్కడిది?

"చెట్టుమందే కదప్పా, ఏమైతాది?" అంటారు మనవాళ్లు. అశ్వగంధ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్య పత్రికలు రాశాయి. డెన్మార్క్ దేశం 2023లో దాన్ని నిషేధించింది కూడా. కణాన్ని చంపగల శక్తి ఉన్నది ఏదైనా, చెట్టులో పుట్టినంత మాత్రాన సాధువైపోదు.

అలాగని మన మొక్కను చిన్నచూపు చూడమనటం లేదు. మన కరువు నేలలో పెరిగే మొక్క మీద మన ప్రయోగశాలల్లోనే పని జరగాలి. ఏ నేలలో పెరిగిన మొక్కలో, ఏ భాగంలో, ఆ పదార్థం ఎంత ఉందో కొలవటం వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులకు తగిన పనే.

ఈలోగా సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఆస్పత్రి మందు మానేసి పొడి మింగుతున్న మనిషి కనబడితే పక్కన కూర్చుని, "పెద్దాయనా, ఆ మందు మానొద్దు, ఈ పొడి సంగతి డాక్టరుకు చెప్పు" అని చెబుదాం. మన చదువు ఆ ఒక్క మాటకైనా పనికిరావద్దూ?