నీటి లెక్క ఊరి స్త్రీల చేతికి రావాలి

కోనసీమలో చమురు, గ్యాస్ తవ్వకాల ప్రమాదం అనగానే మంటలే గుర్తుకొస్తాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మంట లేస్తే పత్రికలు వస్తాయి, మంత్రులు వస్తారు, నష్టపరిహారం ప్రకటిస్తారు. నూతిలో నీళ్లు ఏడాదికేడాది ఉప్పెక్కితే మాత్రం ఎవరూ రారు. ఆ భారం స్త్రీల మీదే పడుతుంది. పప్పు ఉడకదు. బిందె పట్టుకుని మరో వీధికి నడవాలి, లేదా కూలి డబ్బుల్లోంచి నీళ్లు కొనాలి.

నీళ్లు ఎందుకు పాడయ్యాయి? ఈ డెల్టాలో తీరం పొడుగునా చాలాచోట్ల మంచినీరు పైపొరలోనే ఉంటుంది, కింద ఉప్పునీరు. అతిగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. సముద్రపు పోటు, రొయ్యల చెరువులు, చమురుతో పాటు బయటికొచ్చే ఉప్పునీరు, ఏదైనా కారణం కావచ్చు. తవ్వకానికి ముందు నీళ్లెలా ఉండేవో రాసిన లెక్క లేకపోతే ఎవరి తప్పు ఎంతో తేలదు. లెక్క లేకపోతే బాధ్యత తప్పించుకోవడం కంపెనీకి సులువు.

బొగ్గు గనుల అనుమతుల్లో చుట్టుపక్కల బావుల నీటి మట్టం, నాణ్యత ఏడాదికి నాలుగుసార్లు చూడాలన్న షరతు పెడుతుంటారు. ఇక్కడా అది కావాలి, ముఖ్యంగా వేసవిలో కాలువలు కట్టేసి జనం నూతుల మీద ఆధారపడే రోజుల్లో. కానీ ఆ కొలతలు కంపెనీ తీయించుకుని, కంపెనీ పంపుకునే నివేదికలుగా మిగిలిపోతే మనకేం లాభం? పైగా 2020 జనవరిలో కేంద్రం నిబంధనలు మార్చి, అన్వేషణ కోసం తవ్వే బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. ముందుగా ప్రశ్నించే చోటు కూడా పోయింది.

చదువులేని ఆడవాళ్లకు పరీక్షలేం తెలుస్తాయని అనేవాళ్లున్నారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వమే నిర్ణయించింది. కిట్టుతో క్లోరైడు తెలుస్తుంది. లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1000 వరకు ఒప్పుకుంటారు. చమురు జాడలు కిట్టుకు చిక్కవు, వాటికి లేబొరేటరీ తప్పదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. రిగ్గు దిగకముందే కాలువ, చెరువు, నూతి, బోరు నీళ్లు పరీక్షించాలి. ఏ నూతులో గ్రామసభలో స్త్రీలే నిర్ణయించాలి. దళితవాడ నుయ్యి తప్పక అందులో ఉండాలి. నమూనా సీసాకు సీలు వేసేటప్పుడు ఊరి స్త్రీలు ఉండాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. ఖర్చు కంపెనీది, లేబొరేటరీ మాత్రం కంపెనీ ఎంచుకున్నది కాకూడదు.

ఇవి రాబట్టడానికి సమాచార హక్కు చట్టం ఉంది. అయితే అంతవరకూ ఆగనక్కర్లేదు. ప్రతి సంఘం ఒక నోటుపుస్తకం పెట్టి, తేదీ, నుయ్యి పేరు, అంకె ఈ నెల నుంచే రాయడం మొదలుపెట్టాలి. రేపు అధికారి ముందు, కోర్టు ముందు మన మాటకు బలం ఆ పుస్తకమే.